చిలకపచ్చ చొక్కా పరుగు

మా ఇంట్లో ఎవరూ మనుషుల మొహాలు చూడరు, బట్టలే చూస్తారు. లాండ్రీ నడిపే ఇల్లు కదా, అలా అలవాటైపోయింది. "కాఫీ మరకాయన వచ్చాడు", "గుండీలు ఊడినావిడ ఫోన్ చేసింది" అనుకుంటామే తప్ప, వాళ్ళ పేర్లేమిటో మాలో ఎవరికీ తెలియదు. నా పెద్దకొడుకు ఒకసారి బస్సులో పక్క సీటాయన్ని "బాగున్నారా, బొత్తిగా నల్లపూసైపోయారు" అని చెయ్యి పట్టుకుని మరీ పలకరించాడు. తీరా చూస్తే కోటు మాత్రమే మాకు తెలిసినది. మనిషి ఆ కోటును ఎవరినో అడిగి తెచ్చుకున్నవాడు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఇది తెలియకపోతే మా కోడలి పరుగులో జరిగింది మీరు నమ్మరు.

ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు అది. హాఫ్ మారథాన్ అంటారట. "సగమే ఇంతుంటే మొత్తం ఎంతుంటుందే తల్లీ" అన్నాను మొదటిసారి విన్నప్పుడు. మా కోడలు, అంటే ఆ పెద్దకొడుకు భార్య, దానికోసం రోజూ తెల్లవారకముందే లేచి వీధులన్నీ చుట్టి వస్తుంది. ఆ సమయానికి షాపు షట్టరు ఎత్తి, మిషన్లలో బట్టలు వేసే పని నా కూతురిది. నా కూతురు ఇస్త్రీ పెట్టె పట్టుకుంటే ఎలాంటి మడతైనా చచ్చినట్టు లొంగాల్సిందే. నాలుక కూడా ఇస్త్రీ పెట్టెలాంటిదే, ఎప్పుడూ వేడిగానే ఉంటుంది.

పోయినేడు కూడా కోడలు ఈ పరుగుకి వెళ్ళింది. మావాళ్ళంతా ఉత్సాహపరుస్తామని దారి పొడవునా కాపు కాశారు. కాశారంటే కాశారా! మా ఇంట్లో ఇంకో జబ్బుంది. గుమ్మం దాటే మనిషిని "ఒక్క మాట" అని వెనక్కి పిలవకుండా ఉండలేరు. మొదటి మలుపులో మా పెద్దాడు "ఒక్క మాట, స్టోర్ రూమ్ తాళం ఎక్కడ పెట్టావ్?" అని అడ్డం నిలబడ్డాడు. రెండో మలుపులో కూతురు "ఆగు వదినా, కాలరు ముడతపడింది" అని నడిరోడ్డు మీద సర్దింది. మా చిన్నాడు, ఇంటింటికీ బట్టలు చేరవేసే వ్యాన్ నడిపేవాడు, ఫోటో తీసి "సరిగ్గా పడలేదు వదినా, మళ్ళీ ఆ స్తంభం దగ్గర్నుంచి పరుగెత్తుకుంటూ రా" అన్నాడు. ఆ పిచ్చిపిల్ల వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చింది కూడాను!

ఇక చివరి బండి గురించి చెప్పాలి. పరుగు వెనకాల ఒక బండి నెమ్మదిగా వస్తుంటుంది. అది ఎవరిని అందుకుంటే వాళ్ళు నోరెత్తకుండా ఎక్కెయ్యాలి. ఎందుకంటే దాని వెనకే రోడ్లు తెరిచేస్తారు. పోయినేడు మా కోడలు ఆ బండిలోనే దిగింది. ఆ రోజు నుంచి నా కూతురు వాళ్ళ వదినకి పెట్టిన పేరు 'బండి మహారాణి'. ఏడాదంతా అదే పేరు.

ఈ ఏడు పరుగు దగ్గరపడుతుంటే అన్నాల దగ్గర పంచాయితీ అయింది.

"వదినా, ఈసారి కూడా బండిలో ఊరేగుతూ వస్తే, షట్టరు ఎత్తే పని నీదే. పొద్దున్నే ఈ పరుగూ గిరుగూ బంద్" అంది నా కూతురు.

"రాకపోతే?" అంది కోడలు.

"రాకపోతే నీకు ఇష్టమొచ్చినన్నాళ్ళు పరుగెత్తుకో. పల్లెత్తు మాటంటే ఒట్టు."

మా పెద్దాడు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "కూరలో ఉప్పు సరిపోయింది" అన్నాడు. వాడి ధైర్యం అంతవరకే.

మర్నాడు దుప్పట్లు మడతపెడుతుంటే కోడలు నా పక్కకి చేరింది. "అత్తయ్యా, రోజంతా నేను ఊళ్ళోవాళ్ళ బట్టలు మోస్తాను. ఆ ఒక్క గంటే నన్ను నేను మోసుకుంటాను. అది కూడా పోతుందేమోనని భయంగా ఉంది" అంది.

"అయితే వీళ్ళెవరినీ దారిలోకి రావద్దని చెప్పెయ్యి."

"చెప్తే ఏడుస్తారు. మీ అబ్బాయే ముందు ఏడుస్తాడు. అదిగో, దూరం నుంచే గుర్తుపట్టాలని చిలకపచ్చ చొక్కా కూడా కొనుక్కొచ్చాడు. ఆ రంగు చూస్తే గుడ్డివాడికైనా కళ్ళు జిగేల్‌మంటాయి."

చొక్కా అనగానే నా బుర్రలో ఏదో టక్కున వెలిగింది. పైకి మాత్రం "వేసుకో తల్లీ, మొగుడు ప్రేమగా తెచ్చాడు. కాకపోతే లోపల ఆ పాత బూడిదరంగుది కూడా వేసుకో. నంబరు కాగితం ప్యాంటుకి కుట్టించుకో" అన్నాను. కోడలు నా మొహంలోకి చూసి కిసుక్కున నవ్వింది. సగం అర్థమైంది దానికి. మిగతా సగం అప్పటికి నాకే తెలియదు.

మా అదృష్టం, పరుగు దారి మా లాండ్రీ ముందు నుంచే మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి వెళుతుంది. నాకు మోకాళ్ళ నొప్పులు కాబట్టి షాపు ముందు కుర్చీ వేసి, పక్కన ఫోన్ పెట్టి, "నువ్విక్కడే ఉండమ్మా" అని మావాళ్ళు ముగ్గురూ వ్యాన్‌లో వెళ్ళిపోయారు. గుడ్లు ఉడకబెట్టి, అరటిపళ్ళు, బిస్కెట్లు, చాక్లెట్లు బుట్టనిండా సర్దుకుని మరీ వెళ్ళారు.

పరుగు మొదలైంది. కాసేపటికి కోడలు వచ్చింది. రివ్వున షాపులో దూరి, చిలకపచ్చ చొక్కా విప్పి, టోపీ, నల్లకళ్ళద్దాలతో సహా మురికిబట్టల బుట్టలో పడేసి, బూడిదరంగు చొక్కాతో అవతలి తలుపులోంచి మళ్ళీ రోడ్డెక్కింది. కన్నుమూసి తెరిచేలోగా మందలో కలిసిపోయింది. రోడ్డు మీద అలాంటి బూడిదరంగువాళ్ళు కొల్లలు.

చొక్కా చేతిలోకి తీసుకుని కూర్చున్నాను. అప్పుడొచ్చింది పళ్ళ డాక్టరమ్మ. మా షాపులో తెల్లకోట్లు ఉతికించుకునేది ఈవిడే. కోడలంతే ఎత్తు, కోడలంతే ఒడ్డూ పొడుగూ. అందరికంటే వెనక, చేతులూపుకుంటూ, షికారుకొచ్చినట్టు నడుస్తోంది.

"ఏంటి డాక్టరమ్మా, పరుగా పెళ్ళినడకా?"

"మోకాలు సరిగ్గా లేదు పెద్దమ్మా. బండి వచ్చేదాకా నడుస్తాను, వచ్చాక ఎక్కేస్తాను. సరదాకి వచ్చాను. పాపం నన్ను పిలిచేవాళ్ళు గానీ, చప్పట్లు కొట్టేవాళ్ళు గానీ ఎవరున్నారు?"

"ఉన్నారు" అన్నాను చొక్కా విదిలిస్తూ. "ఇది తొడుక్కోండి. ఈ టోపీ, నల్లకళ్ళద్దాలు కూడా పెట్టుకోండి. మా కోడలివే. దారిలో ముగ్గురు తారసపడతారు. మీరు నోరు విప్పకండి. చెయ్యి ఊపండి, పెట్టింది తినండి, ఆగమంటే ఆగండి."

ఆవిడ ఎందుకని అడగలేదు. అంత మంచి మనిషి. రోజంతా అందరినీ నోరు తెరవమనే ఆవిడ, ఆ రోజుకి నోరు మూసుకోవడానికి సంతోషంగా ఒప్పుకుంది.

మొదటి ఫోన్ నా కూతురిది. "అమ్మా, వదిన ఇప్పుడే వెళ్ళింది! ఈసారి ఎంత బుద్ధిగా ఉందనుకున్నావ్! ఈసారి రోడ్డు పక్కన తాడు కట్టి మమ్మల్ని లోపలికి రానివ్వట్లేదు గానీ, చెయ్యి చాచి గుడ్డు పెడితే గబుక్కున తినేసింది. ఇంకోటి కావాలన్నట్టు నిలబడింది కూడా."

"పెట్టావా?"

"పెట్టకుండా ఉంటానా? కాలరు కూడా సర్దాను."

రెండో ఫోన్ మా పెద్దాడిది. వాడి గొంతు అదోలా ఉంది. "అమ్మా, దీనిలో ఏదో మార్పు కనిపిస్తోందే."

ఫోన్ చెవికి అదుముకున్నాను. "ఏం మార్పురా?"

"నన్ను చూసి సిగ్గుపడింది. ఇన్నేళ్ళ కాపురంలో నన్ను చూసి సిగ్గుపడటం ఇదే మొదటిసారి. చాక్లెట్ ఇస్తే చేత్తో నోరు కప్పుకుని మరీ నవ్వింది."

పళ్ళ డాక్టరు చాక్లెట్ చూసి నవ్వక ఏం చేస్తుంది? నేను పమిట నోట్లో కుక్కుకుని, "తాళం ఎక్కడని అడిగావా?" అన్నాను.

"అడిగాను. భుజాలెగరేసింది."

ఆ తరువాత చాలాసేపు ఫోన్ రాలేదు. మూడోది మా చిన్నాడిది. "అమ్మా, అయిపోయింది. నా కళ్ళముందే బండెక్కేసింది. ఎక్కుతూ నాకు టాటా కూడా చెప్పింది, అంత సంతోషమేంటో! మేం ముగ్గురం చివరికి వెళ్ళిపోతున్నాం, బండి ఆగేచోట దింపుకోవాలిగా. అక్క ఇప్పట్నుంచే షట్టరు తాళంచెవి చేతిలో తిప్పుతోంది."

ఫోన్ పెట్టేశాక కాస్త గుబులేసింది నాకు. దారి ఖాళీ చేయించాను సరే. మరీ బొత్తిగా ఖాళీ అయిపోయింది.

ఎండ ముదిరాక వచ్చింది కోడలు. రావడమంటే కాళ్ళీడ్చుకుంటూ. మొహం కందిపోయి, పెదవులెండిపోయి, షాపు ముందుకి రాగానే మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఆగిపోయింది.

"ఆగకే! కొసకొచ్చేశావు. బడి మలుపు తిరిగితే అయిపోయినట్టే."

"ఏరీ అత్తయ్యా?" అంది, చుట్టూ వెతుక్కుంటూ.

"ఎవరే?"

"మనవాళ్ళు. దారంతా చూశాను. ఒక్కళ్ళూ పిలవలేదు. ఒక్క మాట అని ఒక్కళ్ళూ అనలేదు. మొదట్లో హాయిగానే ఉంది. తరువాత అందరినీ వాళ్ళవాళ్ళు పిలుస్తుంటే..." మోచేత్తో మొహం తుడుచుకుంది. "నా వల్ల కాదు అత్తయ్యా. షట్టరు నేనే ఎత్తుతాలే."

ఓరి దేవుడా! వద్దని దాక్కున్న మనిషే కావాలని వెతుక్కుంటోంది. వెనక్కి చూస్తే చివరి బండి మలుపు తిరుగుతోంది. దాని కిటికీలోంచి చిలకపచ్చ చెయ్యి ఊగుతోంది.

ఇక ఆలోచించలేదు. కుర్చీలోంచి లేచి, మా పెద్దాడిలా గొంతు పెట్టి, "ఒక్క మాట! స్టోర్ రూమ్ తాళం ఎక్కడ పెట్టావ్?" అన్నాను.

కోడలు తలెత్తింది.

"ఆగు వదినా, కాలరు! చూడు ఎలా పడిందో, ముద్దగుడ్డలా!" ఇది నా కూతురు. "ఫోటో పడలేదు వదినా, మళ్ళీ వెనక్కెళ్ళి రా!" ఇది మా చిన్నాడు. రోడ్డవతల నిలబడ్డవాళ్ళంతా ఈ ముసలమ్మకి ఏమైందా అని చూస్తున్నారు. చూడనీ.

కోడలికి నవ్వాగలేదు. కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే, "తాళం ఫ్రిజ్ మీదుందని చెప్పండి!" అని అరిచి పరుగందుకుంది.

అప్పటికి బండి వచ్చి దాని వెనకే ఆగబోయింది. నేను అడ్డం వెళ్ళి చెయ్యి పెట్టాను. డ్రైవరు మాకు తెలిసినవాడే, జేబులో పెన్ను కారిన ఖాకీ చొక్కావాడు.

"నన్నెక్కించుకో బాబూ."

"మీరు పరుగులో లేరు కదా పెద్దమ్మా!"

"ఎక్కేదాన్ని ఎక్కించుకోవడమేగా నీ పని? కోడలు పరుగెత్తుతుంటే అత్త నడిచి వెళ్ళాలా? తలుపు తియ్యి."

తీశాడు. నా మోకాళ్ళు ఆ రోజు మెట్టెక్కినంత నెమ్మదిగా ఎప్పుడూ ఎక్కలేదు. ఒక కాలు పెట్టాను, అమ్మా అన్నాను, దించాను. చెప్పు జారింది. ఇంకో కాలు పెట్టి చూశాను. డాక్టరమ్మ లోపలినుంచి నా రెక్క పట్టుకుని లాగుతోంది గానీ, ఎటు లాగుతోందో ఆవిడకే తెలియాలి. నేను సీట్లో సర్దుకుని కూర్చునేసరికి కోడలు బడి మలుపు తిరిగిపోయింది.

బండి చివరికి చేరేసరికి మావాళ్ళు ముగ్గురూ అది ఆగేచోటే నిలబడి ఉన్నారు, పరుగువైపు వీపులు పెట్టి. మా పెద్దాడి చేతిలో తువ్వాలు. చిలకపచ్చ చొక్కా దిగగానే తువ్వాలు భుజాల చుట్టూ కప్పి, "పోనీలే, బాధపడకు, నువ్వు బండిలో వచ్చినా నా రాణివే" అన్నాడు.

డాక్టరమ్మ నల్లకళ్ళద్దాలు తీసి, "థాంక్సండీ. మీ వెనకపళ్ళు ఒకసారి చూపించుకోండి, రెండు పుచ్చినట్టున్నాయి" అంది.

మా పెద్దాడు తువ్వాలు వదలలేదు, పట్టుకోలేదు. అలాగే కొయ్యబారిపోయాడు. నా కూతురి చేతిలో తిరుగుతున్న తాళంచెవి ఆగిపోయింది. సరిగ్గా అప్పుడు వెనకనుంచి, మెడలో పతకం వేసుకుని, బూడిదరంగు చొక్కాలో కోడలు వచ్చింది. తువ్వాలు చూసింది, డాక్టరమ్మని చూసింది, బండి మెట్టు మీద నన్ను చూసింది. అంతా తెలిసిపోయింది దానికి.

"ఏమండీ, మీరు కట్టుకున్నది నన్నా, చొక్కానా?"

మా చిన్నాడు నేలమీద కూలబడి నవ్వాడు. నా కూతురు మాత్రం నామీదకొచ్చింది. "ఇదంతా నువ్వే చేశావు కదూ? ఇది అన్యాయమమ్మా!"

"మీ వదిన బండిలో వచ్చిందా?"

"రాలేదనుకో..."

"మరి బండిలో వచ్చిందెవరు? నేను. నన్ను పిలుచుకో మహారాణి అని."

నా కూతురు నన్ను గుర్రుగా చూసింది. తరువాత తాళంచెవి తీసుకెళ్ళి వాళ్ళన్నయ్య జేబులో వేసింది. "పెళ్ళాన్ని గుర్తుపట్టలేనివాడు షట్టరునైనా గుర్తుపడతాడేమో చూద్దాం" అంది. వాడు జేబు తడుముకుని తలూపాడు. కాదని ఏ మొహం పెట్టుకుని అంటాడు?

ఆ వారంలోనే డాక్టరమ్మ చొక్కా పట్టుకుని షాపుకొచ్చింది. ఉతికి ఇస్తామంటే, "ఉతకండి గానీ, వచ్చే ఏడాదికి మళ్ళీ నాకే ఇవ్వండి. గుడ్లు ఉడకబెట్టినావిడని కూడా రమ్మనండి" అంది.

ఇప్పుడు తెల్లవారుజామున షట్టరు చప్పుడుకి మెలకువ వస్తుంది నాకు. మా పెద్దాడు ఆవలిస్తూ ఎత్తుతుంటాడు. కోడలు బూట్ల తాళ్ళు బిగించుకుని వాడి పక్కనుంచే పరుగు మొదలుపెడుతుంది. నాలుగడుగులు వేసిందో లేదో వీడు, "ఒక్క మాట..." అని అంటాడు, నాలుక కరుచుకుంటాడు. కోడలు ఆగదు. వెనక్కి కూడా తిరగదు. "ఫ్రిజ్ మీద!" అని అరిచి మలుపు తిరిగిపోతుంది.