ముందరి బండి

మా రంగస్వామి మలేసియా పోయి మోటారు సైకిళ్ల రేసులో ఓడిపోయి వచ్చాడని బేతంచెర్లలో అందరికీ తెలుసు. టీ అంగడి దగ్గర ఒక్కొక్కడు ఒక్కో కారణం చెబుతున్నాడు. తిండి పడలేదని ఒకడు, దిష్టి తగిలిందని ఒకడు, ఎంతైనా మనోళ్లకు పరాయి దేశం అచ్చిరాదని ఇంకొకడు. సైకిలు పంక్చరు అతికించడం కూడా చేతకానివాడు నా షాపు ముందు నిలబడి, ఆ రోజు ఇంజను ఎందుకు దెబ్బతిన్నదో నాకే వివరిస్తున్నాడు. ముప్పై ఏళ్లుగా బండ్లు బాగుచేసి బతుకుతున్నవాణ్ని, తల ఊపుతూ వింటున్నాను. ఇంజను నిక్షేపంలా ఉండింది. ఆ సంగతి తెలిసినవాళ్లం ఐదుగురం ఉన్నాం. ఐదుగురమూ నోళ్లు మూసుకున్నాం.

రంగడు మా అక్క సుంకులమ్మ కొడుకు. వాళ్లది కోసిగి. వానలు మొహం చాటేసిన ప్రతి ఏడాదీ ఆ ఊళ్లో సగం ఇళ్లకు తాళాలు పడతాయి. పిల్లాజెల్లా మూటలు కట్టుకుని గుంటూరు వైపు మిరపకాయల కోతకు, వాళ్ల మాటలో సుగ్గికి, పోతారు. కొడుకు చదువు పాడవుతుందని అక్క వాణ్ని పదేళ్ల వయసులో నా దగ్గర వదిలిపోయింది. చదువు నా దగ్గరా పాడైంది, అది వేరే సంగతి. పద్నాలుగేళ్లకల్లా వాడు బండిని వీధి చివరిదాకా నడిపి వచ్చి, లోపం ఎక్కడుందో నాకంటే ముందు చెప్పేవాడు.

మా ఊరి రోడ్లు కూడా వాడికి గురువులే. నాపరాళ్లు పాలిష్ చేసే ఫ్యాక్టరీల నుంచి తెల్లటి బురదనీళ్లు రోడ్డు మీదికి పారుతుంటాయి. ఎండితే దుమ్ము, తడిస్తే వెన్న. బండల లారీల మధ్య ఆ వెన్న మీద బండి తోలడం నేర్చినవాడికి జారడమంటే భయం పోతుంది. నాకు మాత్రం ఇప్పటికీ పోలేదు, రెండుసార్లు చెయ్యి విరిగింది.

ఆ ఫ్యాక్టరీల్లో పెద్దది భూపేష్ సారుది. క్వారీలు వాళ్ల నాన్న తిమ్మయ్యగారి కాలం నుంచీ ఉన్నాయి. నా షాపు ఉన్న జాగా కూడా వాళ్లదే. సారు కొడుకు హర్షవర్ధన్‌కు రేసుల పిచ్చి. మంచి పిల్లవాడు, ఆ మాట చెప్పకపోతే నాకే పాపం. కోయంబత్తూరులో ట్రాక్ మీద నేర్చుకోవడానికి పోతూ మావాణ్ని కూడా తోడు తీసుకుపోయేవాడు. అక్కడ గడియారం పెట్టి ఒక్కొక్కరినే వదిలితే మావాడే తక్కువ సమయంలో వచ్చేవాడు. ఇద్దరినీ కలిపి వదిలితే మాత్రం హర్ష వెనకే వచ్చేవాడు. స్నేహం కొద్దీ అలా చేస్తున్నాడనుకుని నవ్వుకున్నాను. అప్పుడే ఆలోచించి ఉంటే ఏమయ్యేదో. తెలివి నాకెప్పుడూ పని అయిపోయాకే వస్తుంది.

మలేసియాలో కొత్త కుర్రాళ్ల కోసం ఒక రేసు పెట్టారు. జట్టుకు ఇద్దరుండాలన్నది వాళ్ల నియమం. హర్షకు రెండోవాడు కావలసి వచ్చాడు కాబట్టి మావాడికి చోటు దొరికింది. మొదట వచ్చిన ముగ్గురిని అక్కడి పెద్ద జట్టొకటి ఏడాది పాటు దగ్గర పెట్టుకుని, బండి, బస, తిండి అన్నీ తనే చూసుకుని తయారుచేస్తుంది. హర్షకు అది దక్కకపోతే తిరిగొచ్చి ఫ్యాక్టరీలో కూర్చుంటాడు. మావాడికి దక్కకపోతే తిరిగొచ్చి నా పక్కన నూనె గుడ్డలు పట్టుకుంటాడు.

బయలుదేరే రోజు అక్క గుంటూరు చేలల్లో నుంచి ఫోన్ చేసింది. "గెలిస్తే ఆడనే ఉంచుకుంటారంట గదా గిడ్డయ్యా?" అంది.

"ఏడాది ఉంచుకుంటారు. బాగా తోలితే ఇంకా ఉంచుకుంటారు."

"ఉంచుకోనీ. నేను ఏడవనులే. ఈడికొచ్చి ఏం జేస్తాడు వాడు, నా మాదిరి మూట ఎత్తుకోని తిరగడం తప్ప" అంది.

మన పిల్లోళ్ల బండ్లు మనోడే చూసుకోవాలని భూపేష్ సారు నన్ను కూడా విమానం ఎక్కించాడు. సారు మా మీద ప్రేమ చూపించిన మాట నిజం. దారి పొడుగునా నేను తిన్నానా లేదా అని అడుగుతూనే ఉన్నాడు.

మొదటి రోజు ఎండలో వరస నిర్ణయించే పరుగు జరిగింది. హర్ష ఆరో చోట నిలిచాడు. మావాడు పద్దెనిమిదో చోట. అంత నున్నటి రోడ్డు వాడు పుట్టాక చూడలేదు మరి, గుంత ఎక్కడొస్తుందా అని వెతుక్కుంటున్నట్టు తోలాడు. మరునాడు మధ్యాహ్నం రేసుకు గంట ముందు వాన దిగింది. పక్క జట్ల వాళ్ల మొహాలు వాడిపోయాయి. మావాడు వంగి తడి రోడ్డు మీద అరచెయ్యి రాశాడు.

"మామా, ఇది మన స్టేషన్ రోడ్డు లెక్కనే ఉండాది" అన్నాడు.

పన్నెండు చుట్లు. మొదటి చుట్టులోనే నలుగురు జారిపడ్డారు. మిగిలినవాళ్లు గుడ్ల బుట్ట నెత్తిన పెట్టుకున్నట్టు తోలుతుంటే, మావాడు బండల లారీలను దాటినట్టే ఒక్కొక్కణ్నీ లోపలి వైపు నుంచి దాటుకుంటూ వచ్చాడు. ఆరో చుట్టుకు తొమ్మిదో చోటు. పదో చుట్టుకు ఐదు. మా పక్కనున్న పరాయివాళ్లు వాడి బండి నంబరు చూసి కాగితంలో పేరు వెతుక్కోవడం చూశాను. నా జన్మలో అంతగా ఎప్పుడూ గర్వపడలేదు. చివరి చుట్టులో ముందు ఇద్దరు చాలా దూరం పోయారు. మూడో చోట హర్ష. వాడి వెనకే నాలుగో చోట మావాడు.

చివరి మలుపు తిరిగి ఇద్దరూ మేము నిలబడిన నేరు రోడ్డు మీదికి వచ్చారు. మావాడి బండి ఎక్కువ వేగంతో వస్తోంది. అది చూడడానికి మెకానిక్కే కానక్కర్లేదు. పక్కకు తీశాడు. వాడి ముందు చక్రం హర్ష వెనక చక్రం సరసకు వచ్చింది. ఇంకో రెండు క్షణాలైతే దాటేస్తాడు. అప్పుడు ఇంజను గొంతు తగ్గింది.

దెబ్బతిన్న ఇంజను దగ్గుతుంది, తడబడుతుంది. ఇది తడబడలేదు. ఎక్సిలేటర్ మీద చెయ్యి మూసుకున్నప్పుడు, అంటే తోలేవాడే తిప్పి వేగం తగ్గించినప్పుడు, వచ్చే చప్పుడు ఇది. మావాడు మళ్లీ హర్ష వెనక్కి, సరిగ్గా ఒక బండి పొడుగు ఎడంతో, సర్దుకున్నాడు. జెండా ఊపారు. హర్ష మూడు, రంగడు నాలుగు.

ఎందుకో నాకు అక్కడే తెలిసిపోయింది.

మా రంగడికి పదమూడేళ్లప్పటి మాట. క్వారీకి పోయేది మట్టిదారి. ఆ దారిలో తిమ్మయ్యగారి జీపు ముందు పోతుంటే ట్రాక్టరైనా సైకిలైనా వెనకే పోవాలి. దాటితే మన దుమ్ము ఆయన మీద పడుతుంది. ఆయన దుమ్ము మనం తినవచ్చు. ఇది ఎవరూ గోడ మీద రాసిపెట్టలేదు, అందరికీ తెలిసిన మర్యాద. ఒకరోజు క్వారీలో మిషను ఆగిపోతే, బెల్టు ఇచ్చిరమ్మని వీణ్ని బండి మీద పంపాను. పని తొందరలో వీడు జీపును దాటేశాడు. సాయంత్రం మా ఇద్దరికీ కబురొచ్చింది. తిమ్మయ్యగారు ఒక్క మాట తిట్టలేదు. మొహం తుడుచుకున్న తువ్వాలు నా ముందు విప్పి పట్టుకున్నారు.

"గిడ్డయ్యా, మీవోడి దుమ్ము సూడప్పా" అన్నారు.

అంతే. కూలీలందరూ చూస్తుండగా వాణ్ని కొట్టాను. ఆయన చాలులే అనేదాకా కొట్టాలని నాకు తెలుసు. ఆయన తొందరగా అనలేదు. పెద్దల బండి ముందుంటే నీ చెయ్యి మూసుకోవాల, మూసుకోవాల అని, దెబ్బకొకసారి చెప్పాను. మొక్కై వంగనిది మానై వంగదంటారు. నేను మొక్కనే వంచాను. ఇప్పుడు వాడికి పందొమ్మిదేళ్లు, తిమ్మయ్యగారు పోయి మూడేళ్లయింది, ఆ దేశంలో ఆ వానలో దుమ్మన్న మాటే లేదు. అయినా వాడి చెయ్యి మూసుకుంది.

రంగడు బండి దిగి వచ్చి హెల్మెట్ తియ్యకుండానే నిలబడ్డాడు.

"ఎందుకురా?" అన్నాను.

"తెల్దు మామా. హర్షన్న వీపు కనపడింది. చెయ్యి దానంతట అదే మూసుకునింది" అన్నాడు.

ఇంతలో హర్ష గ్లౌజులు విసిరేసి వచ్చాడు. "ఎందుకు తగ్గించినావు రంగా? నువ్వు వస్తాండేది వినపడింది నాకు. ఇదొక గెలుపా నాకు?"

"బండికి పికప్ రాలేదు హర్షన్నా" అన్నాడు రంగడు నేల చూస్తూ.

హర్ష నా వైపు చూశాడు. నేను చైను చూస్తున్నట్టు వంగాను.

ఆ పెద్ద జట్టు తరఫున రెజీనా అని ఒక ఇంజనీరు అమ్మాయి వచ్చింది. వాళ్లు మలేసియా తమిళులట. కంప్యూటర్ తెరిచి, ఎక్సిలేటర్ ఎంత తిప్పాడో తెలిపే ఒక గీత చూపించింది. ఆ గీత నిండుగా పైన పోతూ పోతూ చివర్లో ఒక్కసారిగా కిందికి పడిపోయి ఉంది. ఆమె తమిళంలో చెబుతుంటే, కోయంబత్తూరులో ఆ భాష పట్టుకున్న హర్ష మాకు తెలుగు చేశాడు. బండిలో లోపమేమీ లేదు, ఇది చేత్తో మూసిందే. పద్దెనిమిదో చోటు నుంచి వానలో ఇలా వచ్చినవాణ్ని తాను ఇంతవరకూ చూడలేదు. సరైన కారణముంటే నాలుగోవాణ్ని కూడా తీసుకొమ్మని పైవాళ్లను అడుగుతుంది. గెలవాలని లేనివాడైతే మాత్రం తమకు పనికిరాడు. ఎందుకు మూశాడో చెప్పండి, చాలు.

రంగడు నన్ను చూశాడు. వాడికి నిజంగా తెలియదు. తెలిసింది నాకు. నోరు తెరిచి, వీడిది పిరికితనం కాదమ్మా, నేనే కొట్టి నేర్పాను అంటే సరిపోయేది. కానీ భూపేష్ సారు నా భుజానికి భుజం ఆనించి నిలబడి ఉన్నాడు. ఆ సంగతి చెప్పాలంటే వాళ్ల నాన్న పేరు ఎత్తాలి, తువ్వాలు సంగతి చెప్పాలి, అదీ సారు కొడుకు నోటితోనే తమిళంలోకి పోవాలి.

"ప్లగ్గు తడిసినట్టుంది" అన్నాను.

"నాన్నా, బండిలో ఏం లేదు, వాడు కావాలనే..." అని హర్ష మొదలుపెట్టాడు.

"నువ్వూరుకో. బండి సంగతి గిడ్డయ్యకు తెలీదా?" అన్నాడు సారు. హర్ష ఊరుకున్నాడు. వాడిది కూడా పెంపకమే కదా.

రెజీనాకు నా మాట ఎవరూ తెలుగు నుంచి మార్చి చెప్పనక్కర్లేకపోయింది. ప్లగ్గన్న మాట ఆమెకు తెలుసు. కాసేపు నన్నే చూసింది. అబద్ధమాడే ముసలివాళ్లను చూడడం ఆమెకు కొత్త కాదేమో, కోపం కూడా రాలేదు. కంప్యూటర్ మూసి, రంగడి భుజం తట్టి వెళ్లిపోయింది. అక్కకు ఏం చెప్పాలా అని అప్పుడు ఆలోచించాను. బండి తప్పని చెబుదామనుకున్నాను. తరువాత అదే చెప్పాను కూడా.

సామాను సర్దుతుంటే భూపేష్ సారు వచ్చి నా పక్కన నిలబడ్డాడు. చాలా సంతోషంగా ఉన్నాడు. గొంతు తగ్గించి, ఇంటి మనిషితో మాట్లాడినట్టు మాట్లాడాడు.

"పిల్లోణ్ని శానా బాగా పెంచినావు గిడ్డయ్యా. పెద్దోళ్లు చిన్నోళ్లు తెలిసినోడు. ఈ కాలంలో అట్లాంటోళ్లు యాడుండారప్పా? ఫ్యాక్టరీకి కొత్త లారీ వస్తాండాది. అది వానికే ఇస్తా తోలనీకి."

నా చేతులు రెండూ వాటంతట అవే కలిశాయి. "అంతా మీ చలవ సామీ" అన్నాను.

రంగడు అటు పక్క నిలబడి గ్లౌజుల నీళ్లు పిండుతున్నాడు. అంతా విన్నాడు. హెల్మెట్ నేలకేసి కొడతాడేమో అనుకున్నాను. సారును తిడితే బాగుండు, నన్ను తిట్టినా బాగుండు అనుకున్నాను. ఒక్క చెడ్డ మాట వాడి నోట వస్తే అక్కడే వాడి కాళ్లు పట్టుకునేవాణ్ని. వాడు గ్లౌజులు జాగ్రత్తగా మడిచి పెట్టెలో పెట్టి, మా దగ్గరికి వచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఎప్పట్నించి రావాల సామీ పనికి?" అని అడిగాడు.