పావు చుట్టు

మిల్లింగు మిషను అంటే ఏమిటో తెలియని చుట్టం ఎదురైతే చాలు, పావుచుట్టుకి ప్రాణం లేచొచ్చేది. అడగకపోయినా చెప్పేవాడు. అన్నం ముందు కూర్చుని ఉన్నా చెప్పేవాడు.

"లేతు మిషను తెలుసు కదా? అందులో ఇనుము గిరగిరా తిరుగుతుంది, పనిముట్టు కదలకుండా నిలబడి చెక్కుతుంది. మిల్లింగులో అంతా దీనికి తలకిందులు. తిరిగేది పళ్ళున్న కట్టరు. ఇనుమేమో బల్ల మీద కట్టేసి పడుంటుంది. మనం హ్యాండిల్ తిప్పామనుకో, బల్ల జరుగుతుంది, ఇనుము పోయి పోయి ఆ పళ్ళ కింద తలకాయ పెడుతుంది. అచ్చం ఉద్యోగస్తుడే."

ఇనుప దిమ్మ మొహం చదును చెయ్యాలన్నా, అందులో గాడి తియ్యాలన్నా, అంచున మెట్టు కొయ్యాలన్నా, గేరు చక్రానికి పళ్ళు పెట్టాలన్నా మిల్లింగువాడి దగ్గరికే రావాలని, మిగిలిన వాళ్ళంతా ఊరికే షెడ్డులో నీడకి నిలబడ్డారని కూడా చెప్పేవాడు. అంతా విని అత్తగారు తల ఊపేది. ఊపిన తలతోనే, అల్లుడు పిండిమరలో పని చేస్తున్నాడన్న నమ్మకం చెక్కు చెదరకుండా, కూతురి చేతికి ఒక సంచీ గోధుమలు ఇచ్చి పంపేది. "అల్లుడు గారు వచ్చేటప్పుడు ఆడించుకొస్తారులే" అని.

పావుచుట్టు అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. షెడ్డు పెట్టింది. అతని మిషనుకి ఒక జబ్బు ఉంది. బల్లని జరిపే పొడుగాటి స్క్రూ ఒకటి, అది దూరి తిరిగే కంచు నట్టు ఒకటి ఉంటాయి. ఆ నట్టు లోపలి మరలు ఎప్పుడో అరిగిపోయాయి. అందుకని హ్యాండిల్‌ని ఒక వైపు తిప్పుతూ ఉన్నట్టుండి వెనక్కి తిప్పితే బల్ల వెంటనే కదలదు. పావు చుట్టు దాకా హ్యాండిల్ ఊరికే తిరుగుతుంది, ఆ తర్వాతే బల్లకి మెలకువ వస్తుంది. పిలవగానే పలికితే గౌరవం పోతుందనుకునే గుమాస్తాలాగా.

వెనక్కి తిప్పిన ప్రతిసారీ ఆ పావు చుట్టు ఎక్కువ వేసుకోవాలి. దానిపైన ఇంకో వెంట్రుకవాసి. ఆ వెంట్రుక ఎంత లావుదో అతని చేతికొక్కదానికే తెలుసు. ఇంకెవరు ఆ మిషను ముట్టుకున్నా మూడింది. కట్టరు తిరిగే దారినే బల్లని తోశారో, కట్టరు ఇనుమును తన వైపు లాక్కుంటుంది, బల్ల ఆ లూజంతా ఒక్క దూకు దూకుతుంది, కట్టరు పళ్ళు టపటపా రాలతాయి. లేతు పని చేసే వాళ్ళు ఒకరిద్దరు సరదాపడి తిప్పి, సరదా తీరి, చేతులు కడుక్కున్నారు.

మరి నట్టు మార్చొచ్చు కదా అంటే, మార్చొచ్చు. రిపేర్లు చూసే ఫిట్టరు అదే షెడ్డులో, ఇనుమును కరిచిపట్టే వైసు బిగించిన బల్ల దగ్గర, కూతవేటు దూరంలో ఉన్నాడు. అతను పరాయివాడు కూడా కాదు, సాక్షాత్తూ పావుచుట్టుకి తోడల్లుడు, భార్య చెల్లెలి మొగుడు. "అన్నయ్యా, కొత్త నట్టు చేసి వేస్తాను, నీ మిషను వెన్నలా తిరుగుతుంది" అని ఎన్నిసార్లు అడిగాడో. పావుచుట్టు ప్రతిసారీ ఒకటే మాట అనేవాడు.

"తమ్ముడూ, నీ సుత్తి నీ దగ్గర ఉంచుకో. నా మిషను జోలికి రాకు."

వెన్నలా తిరిగితే ప్రతివాడూ తిప్పుతాడు. ప్రతివాడూ తిప్పే మిషను దగ్గర తనెందుకు? ఈ సంగతి పైకి అనలేదు గాని, లూజుకి నూనె పోసి పెంచుకుంటున్నవాడిలాగే ఉండేవాడు. ఓనరుకి నట్టు సంగతే తెలియదు. మిల్లింగు అంటేనే అంత కష్టమని ఆయన నమ్మకం. ఆ నమ్మకం పోకుండా కాపాడుకొచ్చినవాడు ఎవరో చెప్పక్కర్లేదు.

ఇలా ఉండగా షెడ్డులోకి కంప్యూటరు మిల్లింగు మిషను వస్తోందన్న కబురు వచ్చింది. అద్దాల తలుపు ఉంటుందట. చిప్పులు, అంటే కట్టరు చెక్కిన ఇనుప పెచ్చులు, బయటికి ఎగరవట. కూర్చోవడానికి స్టూలు కూడా ఇస్తారట. ఆ చివరి ముక్క విన్న దగ్గర్నుంచి పావుచుట్టుకి నిద్ర లేదు. నిలబడి నిలబడి అతని పిక్కల మీద నరాలు వానపాముల్లా లేచాయి. కట్టరు కింద నుంచి నీలంగా కాలిన చిప్పులు ఎగిరొచ్చి చొక్కా కాలరులో, బూటులో దూరి కూర్చునేవి. ఇంకొన్నేళ్ళు ఇలాగే నిలబడితే తర్వాత మంచం మీద పడుకోవడమే ఉంటుందని డాక్టరు చెప్పాడు. ఆ కొత్త మిషను మీద తను కూర్చోవాలి. అంతే, ఇంకేమీ అక్కర్లేదు.

దానికి అతని దగ్గర ఒక ఉపాయం ఉంది. "ఈ దెయ్యాన్ని ఆడించేవాడికి ఆ అద్దాల పెట్టె ఒక లెక్కా? నేనెంత కష్టమైన పని చేస్తున్నానో ఓనరు కళ్ళారా చూస్తే చాలు" అన్నాడు భార్యతో.

"చూసి?" అంది ఆవిడ.

"చూసి ఏంటి, నన్నే అందులో కూర్చోబెడతాడు."

ఆవిడ ఏదో అనబోయి, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని లేచింది. పాలు పొంగలేదు. ఆయనతో వాదించడం కంటే పొంగని పాలని చూస్తూ నిలబడటం నయమని ఆవిడ పెళ్ళైన కొత్తలోనే కనిపెట్టింది.

అదృష్టం ఎప్పుడూ మంచి సమయం చూసుకుని తన్నుతుంది. ఒక చిప్పు బూటులో దూరి అరికాల్లో దిగి, చీము పట్టి, పావుచుట్టు మంచానికి అంటుకుపోయాడు. ఆ సెలవు రోజుల్లో అతని బాధ కాలు గురించి కాదు, మిషను ఎవరైనా ముట్టుకుంటారేమోనని. కుంటుతూ షెడ్డుకి తిరిగొచ్చిన పొద్దున్నే ఫిట్టరు తోడల్లుడు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు.

"అన్నయ్యా, మిషను ఆన్ చేసే ముందు ఒక్క మాట..."

"తర్వాత చెబుదువుగాని తమ్ముడూ. ఓనరు వస్తున్నాడు, కనబడటం లేదా?"

నిజంగానే వస్తున్నాడు. పంపు బాడీల ఆర్డరు అర్జెంటు. ఒక్కో బాడీకి నడిమి గోడకి అటొక గాడి, ఇటొక గాడి తియ్యాలి. పోత పోయించిన బాడీలు లెక్కకి సరిపడానే ఉన్నాయి, పాడు చేస్తే ఇంకోటి లేదు. ఓనరు స్వయంగా చూడటానికి నిలబడ్డాడు. పావుచుట్టు ఎదురుచూసిన ముహూర్తం ఇదే.

"చూడండి సార్" అని మొదలుపెట్టాడు. "దీన్ని కట్టరుకి ఎదురు తొయ్యాలి. అది తిరిగే దారినే తోశామంటే ఇనుమును లాగేస్తుంది. ఇది పుస్తకంలో ఉండదు సార్, చేతిలో ఉంటుంది."

మొదటి గాడి పువ్వులా వచ్చింది. రెండో గాడికి బల్లని నడిమి గోడ దాటించి, మళ్ళీ గోడ వైపు వెనక్కి తేవాలి. హ్యాండిల్ కాస్త బిగువుగా, కొత్త చెప్పులా తగిలింది. సెలవులో గ్రీజు పట్టి ఉంటుందనుకున్నాడు. అనుకుని ఆగి డయలు చూసుకోవాల్సింది. కానీ ఓనరు మొహంలోకి చూస్తూ చెప్పాల్సిన గొప్పలు ఇంకా మిగిలి ఉన్నాయి. చెయ్యి తన పని తాను చేసేసింది. వెనక్కి తిప్పింది, పావు చుట్టు ఎక్కువ వేసింది, పైన వెంట్రుకవాసి కూడా మర్యాదగా కలిపింది.

కట్టరు దిగింది. నడిమి గోడ ఉల్లిపొరంత మిగిలి, ఒక చోట అది కూడా మిగల్లేదు. ఒక గాడిలోంచి ఇంకో గాడిలోకి వెలుతురు పడింది.

పక్కనే డ్రిల్లింగు మిషను దగ్గర నిలబడ్డావిడ, అందరూ డ్రిల్లక్క అని పిలిచే ఆవిడ, చూడనట్టు మొహం తిప్పుకుంది. "చిల్లులు పెట్టడం కూడా ఒక పనేనా, చెద కూడా పెడుతుంది" అని పావుచుట్టు రోజూ ఆవిడ్ని ఎగతాళి చేసేవాడు. ఇప్పుడు పెద్ద చిల్లు ఎవరిదో ఆవిడ అనలేదు. అతనికి అదే ఎక్కువ మండింది.

"ఏంటిది?" అన్నాడు ఓనరు.

ఫిట్టరు ముందుకొచ్చాడు. "నేనే సార్. అన్నయ్య లీవులో ఉన్నప్పుడు నట్టు మార్చాను. అదే చెప్పబోయాను. ఇప్పుడు లూజు లేదు అన్నయ్యా, ఎంత తిప్పితే అంతే జరుగుతుంది. నువ్వు ఆ పావు చుట్టు వెయ్యక్కర్లేదు."

ఇక్కడ ఒక్క మాట అంటే సరిపోయేది. "అలవాటు తప్పు చేయించింది సార్, ఇప్పుడు మిషను బాగుంది" అంటే ఓనరు నాలుగు తిట్టి వెళ్ళిపోయేవాడు. కానీ ఆడలేక మద్దెల ఓడన్నవాడి వంశం అంతరించలేదు.

"చూశారా సార్" అన్నాడు పావుచుట్టు. "బంగారంలా నడుస్తున్న మిషనుని విప్పి పెట్టాడు. తోడల్లుడని ఊరుకుంటే నా పొట్ట మీదే కొట్టాడు. నా నట్టు నాకు కావాలి. అది లేకుండా ఈ ఆర్డరుకి నాది పూచీ కాదు."

నడుస్తున్నదాన్ని ముట్టుకోకూడదన్నది ఓనరు నమ్ముకున్న ఒకే ఒక్క శాస్త్రం. ఫిట్టరు వైపు తిరిగాడు.

"నన్ను అడిగి విప్పావా?"

"లేదు సార్. కానీ ఇప్పుడు ఎవరు తిప్పినా..."

"పాతదుందా?"

"ఉంది సార్."

"అదే వేసెయ్. ఇకనుంచి నేను చెప్పకుండా ఈ మిషను మీద చెయ్యి పడకూడదు." తర్వాత పావుచుట్టు వైపు చూశాడు. "పాతది వేస్తే ఆర్డరు నువ్వు పూర్తి చేస్తావా?"

"నేను కాక ఇంకెవరు చేస్తారు సార్? ఈ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి దీనికి పనికిరాదు."

"గుర్తుంచుకుంటాను" అన్నాడు ఓనరు.

పావుచుట్టుకి ఆ మాట పొగడ్తలా వినిపించింది. అరిగిన నట్టు, ఓనరు ఆజ్ఞ మీద, తిరిగి గద్దెనెక్కింది. మంచి నట్టుని తీసి చెడ్డ నట్టుని బిగించమని జీతమిచ్చి చేయించుకున్న షెడ్డు ప్రపంచంలో ఇదొక్కటే అయి ఉండదు. ఫిట్టరే బిగించాడు. ఆర్డరులో మిగిలిన బాడీలన్నీ పావుచుట్టు చేతి మీదుగా గీత తప్పకుండా వచ్చాయి. పగిలినదానికి బదులు ఓనరు ఇంకోటి పోత పోయించుకున్నాడు.

కొత్త మిషను వచ్చింది. అద్దాల తలుపుతో, స్టూలుతో, చెప్పినట్టే. పావుచుట్టు ఉతికిన చొక్కా వేసుకుని వెళ్ళాడు. ఓనరు అతని పక్క నుంచి అవతలికి చూస్తూ, "డ్రిల్లు దగ్గరావిడని పిలు, ట్రైనింగుకి వెళ్ళాలి" అన్నాడు.

"సార్, మిల్లింగు తెలిసినవాణ్ణి నేనుండగా..."

"నువ్వు ఇందులో కూర్చుంటే దాన్ని ఎవరు నడుపుతారయ్యా? నీ చెయ్యి తప్ప పనికిరాదని నువ్వే కదా అన్నావు. డ్రిల్లు అంటావా, ఎవరైనా పెడతారు చిల్లులు. ఆవిడని తీస్తే నాకు నష్టం లేదు."

ఇది పావుచుట్టు సొంతంగా చెక్కుకున్న గాడి. కొలత కూడా సరిగ్గా వచ్చింది.

ఇంటికొచ్చి తోడల్లుణ్ణి తిట్టడం మొదలుపెట్టాడు. వాడే ఓనరు చెవిలో ఊదాడన్నాడు. వాడికి మొదట్నుంచీ తనంటే ఏడుపన్నాడు. పెళ్ళిలో కూడా పెద్ద కుర్చీ వాడే లాక్కున్నాడన్నాడు. భార్య బట్టలు మడతపెడుతూ అంతా విన్నది.

"అయిందా?" అంది. "ఆ నట్టు మార్చమని అడిగింది నేను."

"నువ్వా?"

"మా చెల్లి చేత మరిదికి చెప్పించాను. ఆ మిషను అందరూ తిప్పేలా ఉంటేనే మీ బావని దాన్నుంచి వదులుతారు, లేకపోతే ఆ కట్టుకొయ్యే గతి అని మరిదే దానితో అన్నాడట. సెలవు రోజున పిల్లల్ని కూడా వదిలేసి వెళ్ళి నట్టు చేశాడు. ఆ స్టూలు మీద నువ్వు కూర్చోవాలని."

"నాకు చెప్పొచ్చు కదా."

"చెబితే చెయ్యనిచ్చేవాడివా?"

ఆవిడ మడత పెట్టిన చొక్కాని, ఆ ఉతికిన చొక్కానే, బీరువాలో పైన పెట్టింది.

మర్నాడు భోజనాల వేళ పావుచుట్టు ఫిట్టరు బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. క్షమించమనడం అతనికి రాదు. మీసం సవరించుకోవడం వచ్చు, అదే చేశాడు.

"తమ్ముడూ, ఆ కొత్త నట్టు ఉందా?"

ఫిట్టరు సొరుగు లాగి, నూనె గుడ్డలో చుట్టిన నట్టు తీసి చేతిలో పెట్టాడు. కంచు ఇంకా కొత్త పెళ్ళికూతురిలా మెరుస్తోంది.

"బిగించెయ్. ఎవరూ చూడకుండా."

"ఓనరు చెప్పకుండా ముట్టుకోవద్దన్నారు కదా అన్నయ్యా, నీ ముందే. నువ్వొక్క మాట చెప్పు. ఆ నట్టు ముందు నుంచీ అరిగే ఉంది సార్, నేనే మార్చనివ్వలేదు అను. మధ్యాహ్నానికల్లా వేసేస్తాను. నెల తిరక్కుండా ఆ మిషను మీద ఇంకొకర్ని తయారు చేసుకుందాం. ఇంకో కంప్యూటరు మిషను వస్తుందంటున్నారు, అప్పటికి నీ దారి ఖాళీగా ఉంటుంది."

"అంతే అంటావా?"

"అంతే. ఒక్క మాట."

పావుచుట్టు నట్టుని జేబులో వేసుకుని ఓనరు గది వైపు నడిచాడు. దారిలో అద్దాల తలుపు వెనక కట్టరు తనంతట తాను తిరుగుతోంది. డ్రిల్లక్క స్టూలు మీద కూర్చుని, కాళ్ళు ఊపుతూ, టిఫిన్ డబ్బా మూత తీస్తోంది. "రా అన్నా, తిందాం" అంది. ఎగతాళి కూడా చెయ్యకుండా అంది. అతను వినబడనట్టు దాటిపోయాడు.

గది తలుపు తోశాడు. ఓనరు తలెత్తాడు.

"ఏంటి?"

జేబులో నట్టు బరువుగా తొడకి తగులుతోంది. నేనే మార్చనివ్వలేదు. చిన్న మాట. కానీ ఆ మాట అంటే ఇన్నాళ్ళ గొప్పంతా అరిగిన కంచు ముక్కదని ఒప్పుకోవాలి, చేతిది కాదని.

"కట్టరు మీద పోసే కూలెంటు అయిపోయింది సార్" అన్నాడు.

"నిన్ననే డ్రమ్ము వచ్చింది కదయ్యా."

"అవునా సార్. చూడలేదు."

తలుపు మెల్లగా వేసి వచ్చాడు. ఫిట్టరు వైసు దగ్గర నుంచి తలెత్తి అతని మొహం చూసి, ఆకురాయి అందుకున్నాడు. పావుచుట్టు జేబులోంచి నట్టు తీసి, ఫ్యాను గాలికి ఎగిరిపోతున్న డ్రాయింగు కాగితాల మీద బరువు పెట్టాడు. కొత్త దిమ్మని బల్ల మీద బిగించి, నొప్పి కాలు నుంచి మంచి కాలు మీదకి బరువు మార్చుకుని, హ్యాండిల్ పట్టుకున్నాడు. వెనక్కి తిప్పాడు. బల్ల కదల్లేదు. పావు చుట్టు దాకా ఎప్పటిలాగే చెయ్యి ఊరికే తిరిగింది.