ఎడమ బుగ్గ

మా అన్నయ్యకు నోటి మందుల కొట్టుంది. చిగుళ్ల వాపు, నాలుక పగుళ్లు, ఎంతకీ మానని నోటిపూత, అన్నింటికీ ఒకటే కషాయం. తుమ్మబెరడు, దానిమ్మ తొక్క, లవంగం, పటిక వేసి తనే కాస్తాడు. పాళ్లు అన్నయ్యకు తెలుసు. పదును మాత్రం నా ఎడమ బుగ్గకే తెలుసు.

పదిహేనేళ్లుగా ఆ బుగ్గ లోపల తెల్లటి చారలు, మధ్యలో ఎర్రటి పుండు. కుడి వైపూ ఉంది కానీ కాస్త తక్కువ. తగ్గినట్టే తగ్గి మళ్లీ రేగుతుంది. అన్నయ్య దాన్ని పనిముట్టు చేసుకున్నాడు. కొత్తగా కాచిన ప్రతిసారీ ఒక పుక్కిలి ఎడమ బుగ్గలో పట్టి నేను వేళ్లు ముడుస్తూ లెక్కపెట్టాలి. పది దగ్గర మంట అందుకుంటే పదును సరిపోయినట్టు. ముందే మండితే నీళ్లు కలుపుతాడు, ఆలస్యమైతే ఇంకా మరిగిస్తాడు. నువ్వే పుక్కిలించి చూడొచ్చుగా అని ఒకసారి అడిగాను. బాగున్న నోటికి ఏం తెలుస్తుందన్నాడు. ఎద్దు పుండు కాకికి ముద్దని ఊరికే అనలేదు.

ఆర్నెల్ల క్రితం మంట పదికి రాలేదు. పన్నెండన్నాను. తర్వాత పదిహేను. ఆ తర్వాత ఇరవై దాటినా చల్లగానే ఉంది. నయమైపోతోందనుకున్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, అద్దం ముందు నిలబడి నవ్వుకున్నాను కూడా. అన్నయ్య నా నోట్లోకి తొంగి చూసిన పాపాన పోలేదు. సగానికి మరిగించే కషాయాన్ని పావుకు దించాడు.

అది పట్టుకెళ్లిన పంతులమ్మ రెండో రోజే తిరిగొచ్చింది. మాట పెగల్లేదు, నోరు తెరిచి చూపించింది. లోపల చర్మం పొరలుగా ఊడింది. అన్నయ్య నా వైపు వేలు చూపించి, ఇది ఏ ధ్యాసలోనో ఉండి లెక్క తప్పిందని నలుగురిలో కడిగేశాడు. తను పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు.

ఆ ఉక్రోషంతోనే పళ్ల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. నా లెక్కలో తప్పు లేదని కాగితం రాయించుకుని అన్నయ్య మొహాన కొట్టాలని నా ఆశ. ఆమె ఎడమ బుగ్గలో సూదితో గుచ్చి, తెలుస్తోందా అని అడిగింది. తెలియలేదు. చిన్న ముక్క కోసి పరీక్షకు పంపింది. వారం తర్వాత పిలిచి కూర్చోబెట్టింది.

"మంట తెలియకపోవడం నయం కావడం కాదమ్మా. పుండు నరం దాకా తినేసింది. క్యాన్సర్. బుగ్గ తీసేయాలి. ఆర్నెల్ల ముందు వచ్చుంటే చిన్న ముక్కతో పోయేది."

ఆర్నెల్లు. అద్దంలో నేను నవ్వుకున్న ఆర్నెల్లు.

కొట్టుకొచ్చి అన్నయ్యకు అంతా చెప్పాను. గరిటె తిప్పుతూనే విన్నాడు. మూడు రోజులుగా తనకే చిగుళ్లు వాచి దవడ ఉబ్బింది. పొయ్యి మీద ఉన్నది తన కోసం కాచుకుంటున్న మందే. నన్ను దగ్గరికి తీసుకుంటాడనుకున్నాను. పోనీ, ఎప్పుడు కోస్తారనైనా అడుగుతాడనుకున్నాను. గ్లాసులో కాస్త పోసి, చల్లార్చి, నా చేతికిచ్చాడు.

"కుడి బుగ్గ ఇంకా మండుతుందిగా?"

నోట్లో పోసుకున్నాను. మూడు లెక్కపెట్టేలోపే బుగ్గలో నిప్పులు పోసినట్టయింది. ఒళ్లంతా చెమట పట్టింది. కళ్లలో నీళ్లు కనబడకుండా కిటికీ వైపు తిరిగి వేళ్లు ముడుస్తూ పోయాను. పది. ఇరవై. ముప్పై. పంతులమ్మ ముందు ఏమన్నా, నా లెక్క తప్పదని అన్నయ్యకు బాగా తెలుసు. అందుకే నా ముఖం చూడలేదు, వేళ్లనే చూస్తున్నాడు.

తొట్టిలో ఉమ్మేసి మూతి తుడుచుకున్నాను.

"ఏమీ తెలియడం లేదన్నయ్యా. ఇంకా మరిగించు."

అన్నయ్య వంగి పొయ్యి మంట పెంచాడు.