ఇరవై ఏడు చోట్లు

దిల్‌సుఖ్‌నగర్‌లో మిఠాయి దుకాణం పై అంతస్తులో ఉన్న మ్యాపుల ఆఫీసులో మృదుల రెండేళ్లుగా పనిచేస్తోంది. ఎల్బీ నగర్ నుంచి అబ్దుల్లాపూర్‌మెట్ దాకా ఉన్న మంచినీళ్ల పైపులన్నీ కంప్యూటర్లో గీతలుగా ఎక్కించాలి. యోగేందర్ గల్లీ గల్లీ తిరిగి కొలతలు తెచ్చేవాడు. ఆ గీతల్ని డేటాబేస్‌లో సరిచేయడం మృదుల వంతు.

ఒక షీటు ఒకరు, పక్క షీటు ఇంకొకరు గీయడంతో గీతల కొసలు అందుకోక, మధ్యలో జానెడో బారెడో ఖాళీ మిగిలేది. ఇంత దూరంలోపు ఉన్నవాటిని దగ్గరికి లాగి కలిపెయ్యమని డేటాబేస్‌కి చెబితే చిటికెలో కలిపేస్తుంది. కానీ ఆ దూరం తక్కువ ఇస్తే ఖాళీలు అలాగే ఉంటాయి. ఎక్కువ ఇస్తే పక్కపక్కనే నడిచే వేరే పైపులు కూడా అతుక్కుపోతాయి. ఏది ఏదో యోగేందర్‌ని అడగాల్సిందే. సాయంత్రాలు అతను ఆమె పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, "జర ఆగు, గవి రెండూ వేరే. నేను చూసొచ్చిన" అనేవాడు. రోజంతా తాను ఎదురుచూస్తున్నది ఆ కాసేపటి కోసమేనని మృదులకు ఆలస్యంగా తెలిసింది.

తెలిసేసరికి ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. యోగేందర్ ఎల్బీ నగర్ దీక్షా శిబిరంలో కూర్చున్నాడు. ఆఫీసుకు రావడం మానేశాడు.

"ఐదు మీటర్లు ఇచ్చి కలిపేయమ్మా, శుక్రవారం పంపాలి. ఎవరు చూడొచ్చారు?" అన్నాడు యజమాని ప్రసన్నకుమార్.

మృదుల అర మీటరుకే కలిపింది. ఇరవై ఏడు చోట్లు తేలలేదు. యోగేందర్‌కి ఫోన్ చేస్తే నినాదాల హోరులో ఒక్క మాటా వినపడలేదు. ఆ చోట్లన్నీ ప్రింటు తీసుకుని, బస్సుల్లేక, ఎండలో కొత్తపేట మీదుగా నడిచి వెళ్లింది.

శిబిరం దగ్గర నోరు తెరవాలంటే బెరుకు కలిగింది. పుట్టింది ఈ ఊళ్లోనే అయినా ఆమెది గుంటూరు నుంచి వచ్చిన అమ్మానాన్నల మాట.

"ఎవరు గావాలె బిడ్డా?" అంది ముందు వరుసలో కూర్చున్న ముసలామె.

"యోగేందర్ గారండీ."

ముసలామె ఒక్క క్షణం ఎగాదిగా చూసింది. తర్వాత పక్కనున్న నీళ్ల సీసా మృదుల చేతిలో పెట్టి, వెనక్కి తిరిగి కేకేసింది. "ఓ యోగీ! నీ కోసం ఒచ్చిన్రు!"

"గింత దూరం నడ్సొచ్చినవా?" అన్నాడు యోగేందర్ కంగారుగా.

మూసిన షట్టర్ ముందు మెట్ల మీద కూర్చుని ఒక్కో కాగితం తిప్పాడు. కలపాల్సిన చోట టిక్కు, వద్దన్న చోట అడ్డగీత. పెద్ద అంబర్‌పేట్ కాగితం దగ్గర ఆగాడు.

"గిది కలిపితే మా గల్లీ నల్లా పైపు కాయితం మీద ఉండదు. రేపు పైపు పలిగితే ఎవ్వడూ రాడు."

"కలపను," అంది మృదుల.

కాగితాలు అయిపోయాయి. ఇద్దరూ లేవలేదు.

"మా కొట్లాట నీతోని కాదు, మృదులా."

"తెలుసు. మళ్లీ ఎప్పుడొస్తావు?"

అతను శిబిరం వైపు చూశాడు.

మ్యాపు శుక్రవారం వెళ్లింది, పెద్ద అంబర్‌పేట్ గీతలు రెండూ విడివిడిగానే. సమ్మె ముగిసేలోపు ప్రసన్నకుమార్ ఇంకొకరిని పెట్టుకున్నాడు. యోగేందర్‌కి వరంగల్‌లో ఓ విత్తనాల కంపెనీలో పని దొరికింది. మృదుల కొత్తగా వచ్చినతనికి అన్నీ నేర్పింది. అతను మంచివాడే. అయినా మెట్ల మీద అడుగుల చప్పుడైతే చాలు, ఆమె తల తిప్పి చూసేది.

చలికాలంలో ఒక ఆదివారం ఆమే ఫోన్ చేసింది.

"నువ్వు లేకుండా నాకు బాగోలేదు," అంది, ముందు అనుకున్న మాటలన్నీ మరిచిపోయి.

అతను అన్నాడు. "నాకు మంచిగుందనుకున్నవా? కానీ గీ టైముల మీ నాయనకు మన సంగతి ఎట్ల చెప్తవ్?"

"చెప్తాను."

ఆ సాయంత్రమే చెప్పింది. తండ్రి వెంకటేశ్వరరావు టీవీలో ఉద్యమం వార్తలు చూస్తున్నాడు. విన్నాడు. రిమోట్ తీసి టీవీ ఆపేసి, చీకటి తెర వంక చూస్తూ కూర్చున్నాడు.

మృదుల డాబా మీదికి వెళ్లి ఫోన్ చేసింది.

"చెప్పాను."

"ఏమన్నడు?"

"ఏమీ అనలేదు."

"తిట్టలే గదా?"

"లేదు."

అడగాల్సినవి అయిపోయాయి. అయినా ఇద్దరిలో ఎవరూ ఫోన్ పెట్టేయలేదు.