పేరు లేని బటన్

తువ్వాలు దులిపి మానిటర్ మీద కప్పాడు. మౌసును సొరుగులో పడేసి, హెడ్‌ఫోన్ తగిలించుకుని, కళ్లు మూసుకున్నాడు. ఇక ట్యాబ్ మీట ఒక్కటే దారి. నొక్కినప్పుడల్లా తెరమీది ఒక్కో లింకునూ బటన్‌నూ యంత్రపు గొంతు చదువుతుంది. చూపు లేనివాళ్లకు వెబ్‌సైటు ఎలా వినిపిస్తుందో అలాగే విని, తప్పులు రాసిపెట్టడం అతని ఉద్యోగం. ఆఫీసులో అందరికీ అతను తువ్వాలు మాస్టారు.

ఆ తువ్వాలు చూపు లేని అక్కది. పదిమంది బట్టల్లో తనదేదో తడిమి తెలుసుకోవడానికి ఆవిడ ఒక మూలన ముడి వేసుకుంది.

"లింక్, ఇక్కడ నొక్కండి. లింక్, ఇక్కడ నొక్కండి."

"నొక్కితే ఎక్కడ తేలతామో చెప్పవేం తల్లీ?" అని గొణుక్కుంటూ పదకొండు లింకులకూ పేర్లు రాశాడు. ఆసుపత్రి సైటు అది, సాయంత్రానికి జనంలోకి వెళ్లాలి. పొద్దుట్నుంచీ ఎడమ భుజం లాగుతోంది. పనయ్యాక చూసుకోవచ్చులే అనుకున్నాడు.

మళ్లీ నొక్కాడు.

"బటన్," అంది గొంతు. అంతే.

తువ్వాలు ఎత్తి చూశాడు. అనుకున్నట్టే ఎర్ర దీపం బొమ్మ, అంబులెన్సును పిలిచే బటన్. తొమ్మిదేళ్ల కిందట ఇంకో ఆసుపత్రి సైటుకు అచ్చం ఇలాంటి బటన్లే అతనే చేశాడు. పేర్లు పెట్టలేదు. "బొమ్మ చూస్తే చంటిపిల్లకైనా తెలుస్తుంది" అన్నాడు. చూపు లేని అక్క తన ఇంట్లోనే ఉందన్న సంగతి ఆ పూట గుర్తుకు రాలేదు. గుండెనొప్పి వచ్చిన మధ్యాహ్నం ఆవిడ ఒంటరిగా ఆ పేజీలోనే వెతుక్కుంది. అతను తలుపు తీసేసరికి ఆవిడ చెయ్యి మీటమీద వాలి ఉంది. కంప్యూటర్ మాత్రం "బటన్, బటన్" అంటూనే ఉంది. అప్పట్నుంచి కుళాయి బొట్లలోనూ అదే మాట, గోడ గడియారంలోనూ అదే మాట.

అతను రాసిపెట్టిన తప్పు చూసి టీమ్ లీడరమ్మాయి వచ్చింది. "మాస్టారూ, ఆ ఒక్కటీ వచ్చేవారం చూద్దామండీ."

"వారందాకా నొప్పి ఆగుతుందామ్మా?"

"మీరు పట్టిన కుందేలుకి మూడే కాళ్లు!" అని నవ్వింది కానీ, నాలుగింటికల్లా పేరు పెట్టించింది. "అయిపోయింది, వినండి" అని సైగ చేసింది. అతను కళ్లు మూసుకుని మీటమీద వేలుంచాడు. పెదవులమీద చిన్న నవ్వు కదిలింది.

ఐదింటికి ఆమె తొంగిచూసింది. కళ్లు మూసుకునే ఉన్నాడు. వింటున్నప్పుడు మాస్టార్ని కదిలించకూడదని ఆఫీసంతా ఎరుగును. ఆరింటికి సైటు జనంలోకి వెళ్లింది. మంచి కబురు చెబుదామని భుజంమీద చెయ్యి వేసింది.

భుజం చల్లగా ఉంది.

ఆమె కేకకు అందరూ పరుగెత్తుకొచ్చారు. ఆ తోపులాటలో ఎవరి చెయ్యో మీటకు తగిలింది. మేజామీదికి జారిన హెడ్‌ఫోన్‌లోంచి సన్నగా, "అంబులెన్సును పిలవండి, బటన్" అని వినిపించింది.

అతన్ని తీసుకెళ్లాక మానిటర్ మీద తువ్వాలు అలాగే వేలాడుతోంది, మూలన అక్క వేసిన ముడితో.