మొత్తం ఒకేసారి

"కమ్యుటేషనా? కృష్ణా కెనాల్ దాటాక వచ్చే స్టేషనా అది?" అంది తబస్సుం ఆపా, గిన్నెల చప్పుడులో సరిగ్గా వినపడక.

"స్టేషన్ కాదు ఆపా," నవ్వాడు తమ్ముడు రహ్మాన్. "జహీదా పెన్షన్‌లో కొంత గవర్నమెంటుకి ముందే వదులుకుంటే పెద్ద మొత్తం ఒకేసారి ఇస్తారు. నెలనెలా వచ్చేది తగ్గుద్ది, అంతే. ఆ డబ్బుతో మన ఆసిమ్‌కి ఆటోనగర్లో టైర్ల షాపు. అడ్వాన్సు కూడా ఇచ్చేశాం."

జహీదా వంటింట్లో రెండో విడత బిర్యానీ పళ్లెంలోకి తీస్తోంది. మధ్యాహ్నమే వన్ టౌన్ మున్సిపల్ స్కూల్లో ఆమెకి శాలువా కప్పి పంపారు. ఇంటికొచ్చి శాలువా మడిచి, ఉల్లిపాయల ముందు కూర్చుంది. రిటైరైంది ఆమె, విందు ఇచ్చింది భర్త రహ్మాన్, వండింది మళ్లీ ఆమే.

"రిటైరంటే మళ్లీ టైరు వెయ్యడమే. ఇక బండి పొద్దస్తమానం ఇంట్లోనే తిరుగుద్ది," అన్నాడు రహ్మాన్. అతని తమ్ముడు ఆసిమ్ పగలబడి నవ్వాడు.

బండి అయినా బాగుండేది, అనుకుంది జహీదా. బండికి పెట్రోలు పోస్తారు. తను ఆ ఇంటికి స్పేర్ పార్టు. అత్తగారు మంచాన పడితే అక్కడ బిగించారు, మరిది చదువు ఆగితే ఇక్కడ బిగించారు. జీతం మీద సంతకం ఆమెది, ఏటీఎం కార్డు ఆయన జేబుది. చెప్పులు కొనుక్కోవాలన్నా "పాతవి కుట్టించుకోకూడదా?" అనేవాడు. ఈ మొత్తం కూడా అంతే, ఒకేసారి వస్తుంది, ఒకేసారి పోతుంది. పెన్షనైతే పోయినా పై నెల మళ్లీ వస్తుంది. కావాలంటే ఆయన నెలనెలా తన దగ్గరికొచ్చి అడగాలి. ఆయనకి తీసుకోవడం తెలుసు కానీ అడగడం చేతకాదు. అందుకే పోయిన నెల పెన్షన్ ఆఫీసుకి ఒక్కతే వెళ్లి కమ్యుటేషన్ వద్దంది. పెన్షన్ వేరే బ్యాంకులో వెయ్యమంది. గుమాస్తా వెంకటప్పయ్య కళ్లద్దాలు పైకి నెట్టి, "సార్‌ని అడిగారా మేడమ్?" అన్నాడు. "సార్ రిటైరవడం లేదండి," అని చెప్పి వచ్చేసింది.

పళ్లెం తెచ్చి, భోజనాలకి నేల మీద పరిచిన దస్తర్‌ఖాన్ మీద పెట్టింది.

"భాభీ, షాపుకి మీ పేరే. జహీదా టైర్స్," అన్నాడు ఆసిమ్.

"నా పేరు తీసుకో ఆసిమ్. డబ్బు మాత్రం రాదు. నేను కమ్యుటేషన్ పెట్టలేదు."

ముద్ద నోటిదాకా తీసుకెళ్లిన రహ్మాన్ చెయ్యి అక్కడే ఆగింది. "లోపలికి రా, మాట్లాడదాం."

"ఇక్కడే చెప్తానండీ. పెన్షన్ అంతా నెలనెలానే వస్తుంది. నా చేతికే వస్తుంది."

"మరి మూడుసార్లు అడిగానుగా? ఒక్కసారైనా వద్దన్నావా? నోరు మెదపకపోతే ఒప్పుకున్నావనే కదా అడ్వాన్సు ఇచ్చింది?"

"మీరు అడగలేదు. చెప్పారు."

ఆసిమ్ మొహం పాలిపోయింది. తబస్సుం ఆపా మెల్లగా సర్దబోయింది. "వాడిదేం తప్పు లేదు జహీదా. నీ తీరే అంత. నికా రోజున నీ పక్కన కూర్చుంది నేనే కదా. నీకు ఇష్టమేనా అని కనుక్కోడానికొచ్చిన వకీలు మూడుసార్లు అడిగితే తలొంచుకున్నావు. పెళ్లికూతురి సిగ్గే ఒప్పుకోలు, వెళ్లి ఖాజీకి చెప్పండని ఆయన్ని పంపింది నేనే."

జహీదా గ్లాసుల్లో నీళ్లు పోస్తూ, అందరికీ వినపడేలా, నెమ్మదిగానే చెప్పింది.

"అది సిగ్గు కాదు ఆపా. వద్దని చెప్పడానికి ధైర్యం కూడగట్టుకుంటున్నాను. అంతలో మీరు వకీల్ని పంపించేశారు."