దిక్కు మార్చుకునే ఇల్లు

రత్నం అప్పటికే మూడు ట్రక్కులకు వంకలు పెట్టింది. మొదటిదాంట్లో కుక్క వాసన అంది. రెండోది అమ్మే మనిషి మొహం చూసి మాట్లాడటం లేదంది. మూడోదానికి వెతికినా ఏ వంకా దొరక్క, రంగు బాగాలేదంది. కూతురు నీహారిక ప్రతిసారీ అమ్మేవాళ్లకు థాంక్స్ చెప్పి, తల్లిని కార్‌లో ఎక్కించుకుని, బాతెల్ ఊళ్లోని తన అపార్ట్‌మెంట్‌కి తీసుకొచ్చేసింది. "నువ్వు సరేనంటేనే కొంటానమ్మా" అని మాటిచ్చి కూర్చుంది మరి. ఆ మాట ఇవ్వకపోయినా బాగుండేదని రత్నానికి అనిపించేది. వద్దనడం సులువే. అన్న తర్వాత పిల్ల మొహం చూడటమే కష్టం.

సరదాగా ఊళ్లు తిరగడానికైతే రత్నం మాత్రం ఎందుకు కాదంటుంది? ట్రక్కు వెనకాల చిన్న చెక్కగది ఉంటుందట. అందులోనే వంట, అందులోనే పడక. ఉద్యోగం ఎలాగూ ఇప్పుడు ల్యాప్‌టాప్‌లోనే కాబట్టి, బండి ఏ ఊళ్లో ఆగితే అదే ఇల్లట. బయోటెక్ కంపెనీలో అంత ఉద్యోగం చేసే పిల్ల, ముప్పై దాటిన పిల్ల, సంచారం చేస్తుందట. కాపెల్ ఊళ్లో ఉండే తన చెల్లెలు విజయశ్రీ ఫోన్ చేసినప్పుడు "నీహా పెద్ద బండి కొంటోందే" అని మాత్రం చెప్పింది రత్నం. విజయశ్రీ సంతోషించింది. ఎంత పెద్దదో, ఎందుకో అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో రత్నం ఇంకా ఆలోచించుకోలేదు.

ఇల్లు లేక వచ్చిన తిప్పలా ఇవి? నీహారికకీ, ఆమె భర్త రవికాంత్‌కీ బాతెల్‌లోనే చక్కటి ఇల్లుండేది. దాన్ని ఎంచింది ఒక రకంగా రత్నమే. కాకినాడలో కూర్చుని, వీడియోలో గదిగదీ చూసి, తూర్పు ముఖం కాదని ఎన్నో ఇళ్లు వద్దనిపించి, చివరికి దానికి సరేనంది. సింహద్వారం తూర్పు, వంటిల్లు ఆగ్నేయం, పడకగది నైరుతి. ఏరికోరి కట్టించుకున్నా అంత బాగా కుదరదు. ఆ ఇంట్లో ఆ ఇద్దరికీ తప్ప అన్నీ కుదిరాయి. పోయినేడు విడాకులయ్యాయి, ఇల్లు అమ్మేశారు. రత్నం భర్త లక్ష్మీపతికి నడుంనొప్పి, అంతసేపు విమానంలో కూర్చోలేడు. అందుకని రత్నం ఒక్కతే కూతురి దగ్గరకొచ్చింది. వచ్చే వారం తిరుగు ప్రయాణం.

వచ్చిన దగ్గర్నుంచీ ఆమెది ఒకటే దిగులు. పిల్లకు నిద్ర లేదు. తెల్లవార్లూ గది తలుపు కింద వెలుతురు కనిపించేది. గసగసాల పాయసం పెట్టింది, అరికాళ్లకు నూనె రాసింది, ఫోన్ లాక్కుని తన దిండు కింద పెట్టుకుంది. దేనికీ నిద్ర రాలేదు. నాలుగు గోడల మధ్య పట్టని నిద్ర రోడ్డు పక్కన ఎలా పడుతుంది? ఎక్కడ పడుకుందో, అసలు పడుకుందో లేదో తెలియకుండా కాకినాడలో తనెలా ఉండాలి? అదీ అసలు సంగతి. కుక్క వాసనలూ రంగులూ అన్నీ పైపై మాటలు.

ఆ శనివారం మధ్యాహ్నం ఇద్దరూ మన్రో వెళ్లారు. ఊరి చివర ఒక పెద్దాయన, పేరు గ్లెన్, తెల్ల ట్రక్కు అమ్మకానికి పెట్టాడు. వెనకాల గది ఆయన చేతులతో కట్టుకున్నదే. భార్యా ఆయనా కలిసి అందులో సగం దేశం తిరిగారట. ఆవిడ పోయింది. ఆయన మోకాళ్లు ఇప్పుడు దాని మెట్టు ఎక్కనివ్వడం లేదట. ఇదంతా నీహారిక తెలుగులో చెబుతుంటే రత్నం ఆయన్నీ, ఆయన మోకాళ్లనీ మార్చి మార్చి చూసింది. తనవీ అలాంటి మోకాళ్లే. ఈ మనిషికి వంక పెట్టడం కుదరదని తేలిపోయింది.

లోపల ఇంకా కష్టమైంది. చెక్క నున్నగా ఉంది. ఒక మంచం, చిన్న గ్యాస్ పొయ్యి, దానికి ఎదురుగా కిటికీ. పొయ్యి పక్కన ఒక అర. అందులో తన పోపుల డబ్బా సరిగ్గా పడుతుందని రత్నం కొలుచుకుని, వెంటనే తనని తాను తిట్టుకుంది. వాసన లేదు, రంగు తెలుపు. ఎటు చూసినా దారి లేదు. అప్పుడు తట్టింది.

పడుకునేటప్పుడు తల ఎటు పెడతారో కనుక్కోమంది. నీహారిక అడిగితే, డ్రైవర్ సీటు వైపున్న మంచం కొసను గ్లెన్ చేత్తో తట్టి చూపించాడు. రత్నం ఫోన్ తీసి, అందులో దిక్సూచి తెరిచి, మంచం మీద పెట్టింది. ట్రక్కు ముక్కు నేరుగా ఉత్తరానికే ఉంది.

"ఉత్తరానికి తలపెట్టి పడుకోకూడదు నీహా. ఇంక దీని గురించి మాట్లాడకు" అంది. ఇంత సేపటికి గట్టి కారణం దొరికింది.

నీహారిక వాదించలేదు. గ్లెన్ దగ్గర తాళంచెవి అడిగి తీసుకుంది. తల్లిని దించి, ట్రక్కును గడ్డి మీదకి వెనక్కి పోనిచ్చి, ముందుకు తెచ్చి, మళ్లీ వెనక్కి పోనిచ్చి, పూర్తిగా తిప్పి నిలబెట్టింది. గ్లెన్ ఏమిటా అని చూశాడు కానీ అడగలేదు. కాఫీ తెస్తానని లోపలికి వెళ్లాడు.

"ఇప్పుడు చూడమ్మా."

రత్నం మళ్లీ మెట్టెక్కి ఫోన్ పెట్టింది. తల దక్షిణానికి. పైగా వెనకనున్న గుమ్మం ఉత్తరానికి, కుబేరుడి దిక్కు. ఫోన్ ఒకసారి ఊపి మళ్లీ చూసింది. అదే.

"ఇవాళంటే తిప్పావు. రోజూ ఎవరు తిప్పుతారు?"

"నేనే తిప్పుకుంటాను. ఇది తిరుగుతుందమ్మా. ఆ ఇల్లు తిరిగేది కాదు." నీహారిక వచ్చి పక్కన కూర్చుంది. "రోజూ పొద్దున్నే కార్‌లోంచి నీకు వీడియో కాల్ చేసేదాన్ని, గుర్తుందా?"

గుర్తు లేకపోవడమేమిటి! ఎంత బిజీగా ఉన్నా ఆఫీస్‌కి వెళ్తూ అమ్మతో మాట్లాడకుండా ఉండదని రత్నం వీధంతా చెప్పుకునేది.

"నువ్వనుకున్నట్టు ఆఫీస్‌కి వెళ్తూ కాదమ్మా. అప్పుడే నిద్ర లేచేదాన్ని. రోజూ గరాజ్‌లో, కార్‌లోనే పడుకునేదాన్ని. ఆ చివరి ఏడాదంతా."

రత్నానికి కూతురి చెంప మీద గీత గుర్తొచ్చింది. అదేమిటే అని ఒకసారి అడిగితే దిండు ముడత అంది. అది కార్ సీటు కుట్టు అచ్చన్నమాట.

"వాడు కొట్టేవాడా?"

"లేదమ్మా. తిట్టను కూడా తిట్టలేదు. మాట్లాడటం మానేశాడు. అంత పెద్దింట్లో ఎటు తిరిగినా ఆ నిశ్శబ్దమే. కార్ డోర్ వేసుకుంటే నా ఊపిరి నాకు వినిపించేది. వెంటనే నిద్ర పట్టేసేది."

"నాకెందుకు చెప్పలేదే?"

"ఆ ఇంటిని నువ్వెంత ఇష్టపడి ఎంచావో!"

ఏడాది పొడుగునా ఆ కార్‌లోని పిల్లతో నవ్వుతూ మాట్లాడింది తను. కూర తిన్నావా అని అడిగింది, తలకు నూనె పెట్టుకోమంది. పడుకున్నావా అని మాత్రం అడగలేదు. కూతురి తల తన భుజానికి ఆనించుకుని కాసేపు అలాగే నిమిరింది.

"ఏదీ, పడుకో" అంది చివరికి.

"ఇప్పుడా?"

"మంచం నీకు సరిపోతుందో లేదో చూడొద్దూ?"

నీహారిక నవ్వి, చెప్పులు విడిచి, దక్షిణానికి తలపెట్టి పడుకుంది. రత్నం తన శాలువా తీసి కాళ్ల మీద కప్పి, గుమ్మంలో కూర్చుని, పిల్ల పాదం మీద చెయ్యి వేసింది. నీహారిక సోలార్ ప్యానెల్ గురించి ఏదో చెప్పడం మొదలుపెట్టింది. నీళ్ల ట్యాంకు దగ్గరకొచ్చేసరికి మాటలు నెమ్మదించాయి. ఆ తర్వాత ఆగిపోయాయి. రత్నం తిరిగి చూసింది. తాళంచెవి గుప్పిట్లోనే ఉంది. నోరు కొంచెం తెరుచుకుని, చిన్నప్పటి ఆ సన్నటి గురక వస్తోంది.

రత్నానికి కాలు తిమ్మిరెక్కింది. కదల్లేదు.

గ్లెన్ రెండు కప్పుల కాఫీతో వచ్చి నోరు తెరవబోయాడు. రత్నం వేలు పెదవుల మీద పెట్టుకుంది. ఆయన లోపలికి తొంగి చూసి, కప్పులు చప్పుడు కాకుండా మెట్టు మీద పెట్టి, అమ్మాయికి ట్రక్కు నచ్చిందా అని గొంతు తగ్గించి అడిగాడు. ఇంగ్లీషు అవసరం పడ్డప్పుడల్లా కూతురి వెనక్కి జరిగే రత్నానికి ఇప్పుడు కూతుర్ని లేపడం ఇష్టం లేదు. తనే మాట్లాడింది.

"సార్, మై డాటర్ స్లీపింగ్. దిస్ హౌస్, గుడ్ హౌస్."

అనేశాక ఆమెకే ఆశ్చర్యం వేసింది. గ్లెన్ కాసేపు ఆ గదిని చూస్తూ నిలబడ్డాడు. తర్వాత తల ఊపి, తెరిచి ఉన్న తలుపు అద్దం మీద అమ్మకానికని రాసి తను అంటించుకున్న కాగితం కొస పట్టుకుని లాగాడు. టేపు చర్రుమంది.

"స్లోలీ సార్" అంది రత్నం. "స్లోలీ."